ప్రశ్న మీది, జవాబు మాది: ఫైలు పేర్లలో గుర్తులు, డిపెండెన్సీ ఫైళ్లలో చిక్కులు

ఈ శీర్షికలో ఆప్షన్లనూ ఫైలు పేర్లనూ కూడా తెలుగు లిపిలోనే అచ్చు వేస్తున్నాము. గుర్తులు మాత్రం కంప్యూటర్ తెరపై కనిపించే గుర్తులే.

ప్రశ్న: అయ్యా, నేను ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాషకు కంపైలర్ రాస్తున్నాను. జీసీసీ అనే సీ కంపైలర్‌కు -ఎండి ఆప్షన్ ఇచ్చినప్పుడు వచ్చినట్టే, ఏ ఆబ్జెక్ట్ ఫైలు (కంపైల్ చేస్తే వచ్చే ఫైలు) ఏయే ఫైళ్ల మీద ఆధారపడి ఉందో చెప్పే .డి ఫైలును నా కంపైలర్ కూడా రాస్తుంది. స్పేస్, డాలర్, హ్యాష్ ఉన్న పేర్లను అది సరిగ్గా ఎస్కేప్ చేస్తోందో (ఆ గుర్తులను పేరులో భాగంగానే చదవాలని తెలిసేలా రాస్తోందో) లేదో చూడడానికి, అది రాసిన వరుసను నేను ముందే రాసి పెట్టుకున్న వరుసతో పోల్చే ఇరవై పరీక్షలు పెట్టాను. అన్నీ నెగ్గుతున్నాయి. అయినా హెడర్ (సోర్స్ ఫైలు తనలో కలుపుకునే ఫైలు) మార్చాక మళ్లీ కంపైల్ కావడం లేదని వాడుకరులు అంటున్నారు. లోపం ఎక్కడ ఉంది?

జవాబు: మీరు పోలుస్తున్న రెండు వరుసలనూ రాసింది ఒకే చెయ్యి. ఎస్కేప్ నియమాన్ని మీరు పొరబాటుగా అర్థం చేసుకుని ఉంటే ఆ పొరబాటు కంపైలర్‌లోనూ పడుతుంది, ముందే రాసి పెట్టుకున్న వరుసలోనూ పడుతుంది, పరీక్ష హాయిగా నెగ్గిపోతుంది. డిపెండెన్సీ ఫైలును, అంటే ఆ .డి ఫైలును, చదివేది మీరు కాదు, మారిన ఫైళ్లను బట్టి ప్రోగ్రామును మళ్లీ కట్టించే మేక్. కాబట్టి ఆ వరుస సరైనదో కాదో తేల్చవలసింది కూడా అదే.

మేక్‌ను 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ రాశారు. దాని వ్యాకరణంలో పేర్లను విడదీసేది స్పేస్, వ్యాఖ్యను (మేక్ చదవకుండా వదిలేసే మాటలను) మొదలుపెట్టేది హ్యాష్, వేరియబుల్‌ను పిలిచేది డాలర్. యూనిక్స్ ఫైలు పేరులోనేమో స్లాష్, సున్నా బైటు తప్ప ఏ బైటునైనా పెట్టవచ్చు. ఈ రెండింటినీ కలపడానికి తర్వాతి కాలంలో వేసిన అతుకులే ఎస్కేప్ నియమాలు, అందుకే వాటిలో ఒక్క పద్ధతి కనిపించదు: స్పేస్‌కూ హ్యాష్‌కూ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి, డాలర్‌ను మాత్రం రెండుసార్లు రాయాలి. ‘పాత కొత్త#3$1.హెచ్’ అనే పేరు డిపెండెన్సీ ఫైలులో ‘పాత\ కొత్త\#3$$1.హెచ్’ అని కనిపించాలి.

ఇప్పుడు పరీక్ష సంగతి. ఒక ఖాళీ డైరెక్టరీ తీసుకుని అందులో ఒక సోర్స్ ఫైలునూ చిక్కు పేరున్న ఒక హెడర్‌నూ పెట్టండి. కంపైల్ చేసి .డి ఫైలును పుట్టించండి. ఆ .డి ఫైలును కలుపుకునే రెండు మూడు వరుసల మేక్‌ఫైలు ఒకటి రాయండి, కానీ ఆ మేక్‌ఫైలులో చిక్కు పేరు ఎక్కడా రాకూడదు, ఎందుకంటే వస్తే మీరు పరీక్షిస్తున్నది కంపైలర్ చేసిన ఎస్కేపునా, మీ చేత్తో చేసిన ఎస్కేపునా అన్నది తేలదు. ఆ తర్వాత ఫైళ్ల తేదీలను మీరే నిర్ణయించండి: సోర్స్‌కూ హెడర్‌కూ 2001, ఆబ్జెక్ట్‌కు 2002. ఉత్తినే టచ్ కమాండ్‌తో తేదీని ఇప్పటికి మార్చి ఊరుకుంటే సరిపోదు. ఫ్యాట్ లాంటి ఫైల్ సిస్టమ్‌లో రాసిన సమయం రెండు సెకన్ల మెట్లలోనే నమోదవుతుంది, వేగంగా నడిచే పరీక్షలో రెండు ఫైళ్లకూ ఒకే సమయం పడి, ఫలితం ఒకరోజు ఒకలా మరొకరోజు మరోలా వస్తుంది.

ఇక మేక్‌ను -క్యూ ఆప్షన్‌తో పిలవండి. అది ఏమీ కట్టకుండా, అంతా తాజాగా ఉంటే 0, మళ్లీ కట్టవలసింది ఉంటే 1, తప్పు ఎదురైతే 2 తిరిగి ఇస్తుంది. మొదటిసారి 0 రావాలి. హెడర్ తేదీని 2003కు జరిపాక 1 రావాలి. ఈ రెండు అంకెలను జతగా చూడడం ముఖ్యం. 0, 0 వస్తే డిపెండెన్సీ ఎక్కడో జారిపోయింది, అదే మీ వాడుకరుల ఫిర్యాదు. 1, 1 వస్తే రూల్ ఉండి ఫైలు లేని పేరు మీద ఆధారపడుతున్నట్టు రాశారు, ప్రతిసారీ అంతా మళ్లీ కంపైల్ అవుతుంది. 2 వస్తే సంతోషించండి, తప్పు తనంతట తానే బయటపడింది.

అయితే 2 రావడం కూడా అదృష్టం మీద ఆధారపడిన విషయమే. ‘ధర$1.హెచ్’ అనే హెడర్‌లో డాలర్‌ను రెట్టించడం మరిచారనుకోండి. మేక్ ‘$1’ని వేరియబుల్‌గా తీసుకుంటుంది, దానికి విలువ లేదు కాబట్టి ‘ధర.హెచ్’ అని చదువుకుంటుంది. ఆ పేరుతో ఫైలు లేకపోతే ఆ టార్గెట్‌ను (కట్టవలసిన ఫైలును) తయారుచేసే రూల్ లేదని ఆగిపోతుంది. ఉంటేనో, కిక్కురుమనకుండా దాని మీదే ఆధారపడుతుంది. పరీక్షించే డైరెక్టరీలో మనం ఉంచేవి నాలుగు ఫైళ్లే కాబట్టి అలాంటి పేరు తగిలే అవకాశం తక్కువ, అసలు ప్రాజెక్టులో వేల ఫైళ్లుంటాయి కాబట్టి ఎక్కువ. అందుకే ప్రతి చిక్కు పేరు పక్కనా ఒక ఎరను పెట్టండి: ‘ధర$1.హెచ్’ పక్కన ‘ధర.హెచ్’, ‘పాత కొత్త.హెచ్’ పక్కన ‘పాత’ అనే ఒక ఫైలూ ‘కొత్త.హెచ్’ అనే మరొకటీ. అప్పుడు మూడో మెట్టు వేయవచ్చు. అసలు హెడర్ తేదీని తిరిగి 2001కి తెచ్చి, ఎర తేదీని 2003కు జరిపి మేక్‌ను మళ్లీ అడగండి. 0 రావాలి. నా లెక్కలో మొత్తం పరీక్షలో విలువైన మెట్టు ఇదే, మీ ఇరవై పరీక్షల్లో లేనిదీ ఇదే.

హ్యాష్ గురించి విడిగా ఒక మాట. దాన్ని ఎస్కేప్ చేయకపోతే పోయేది ఆ ఒక్క పేరు కాదు. కంపైలర్లు పొడవైన జాబితాను వరుస చివర బ్యాక్‌స్లాష్ పెట్టి కింది వరుసలోకి కొనసాగిస్తాయి, మేక్‌లో వ్యాఖ్య కూడా ఆ బ్యాక్‌స్లాష్‌ను పట్టుకుని కింది వరుసలోకి దిగుతుంది. ‘గది#2.హెచ్’ జాబితా మధ్యలో ఉంటే దాని తర్వాతి హెడర్లన్నీ వ్యాఖ్యలో కలిసిపోతాయి. కనుక హ్యాష్ ఉన్న హెడర్‌ను చివరన కాక మధ్యలో చేర్చి, దాని తర్వాత వచ్చే మామూలు పేరున్న హెడర్‌ను కూడా 2003కు జరిపి చూడండి.

ప్రశ్న: ఎస్కేప్ చేసే గుర్తు బ్యాక్‌స్లాష్ అయినప్పుడు, పేరులోనే ఉన్న బ్యాక్‌స్లాష్‌ను రెట్టించడం న్యాయం కదా. జీసీసీ కొన్నిచోట్ల రెట్టిస్తుంది, కొన్నిచోట్ల వదిలేస్తుంది. ఇది లోపమా?

జవాబు: లోపం కాదు, కానీ చూసినవారెవరికైనా లోపంలాగే కనిపిస్తుంది. మేక్ రూపాల్లో ఒకటైన గ్నూ మేక్‌లో బ్యాక్‌స్లాష్‌కు ప్రత్యేకార్థం దాని తర్వాత ఏమి వస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. స్పేస్‌కు ముందు బేసి సంఖ్యలో, అంటే (2 × ఎన్) + 1 బ్యాక్‌స్లాష్‌లుంటే, పేరులో ఎన్ బ్యాక్‌స్లాష్‌లూ ఆ వెంట ఒక స్పేసూ ఉన్నట్టు. సరి సంఖ్యలో ఉంటే పేరు అక్కడ ముగిసినట్టు. వేరే అక్షరం ముందున్న బ్యాక్‌స్లాష్‌ను మేక్ ముట్టుకోదు, కాబట్టి దాన్ని రెట్టిస్తే పేరే మారిపోతుంది. జీసీసీలో ఈ పని చేసే కోడ్ పక్కనే ఉన్న వ్యాఖ్య ఈ పద్ధతిని వింతైనదని బాహాటంగానే అంటుంది.

దీన్ని పరీక్షించడానికి మూడు పేర్లు చాలు. ‘దారి\పేరు.హెచ్’ ఉన్నది ఉన్నట్టుగా రావాలి. ‘దారి పేరు.హెచ్’లో ఒక బ్యాక్‌స్లాష్ చేరాలి. ‘దారి\ పేరు.హెచ్’లో, అంటే పేరులోనే బ్యాక్‌స్లాష్ వెంట స్పేస్ ఉన్నప్పుడు, మొత్తం మూడు కనిపించాలి: ‘దారి\\\ పేరు.హెచ్’. మూడో పేరును ఎవరూ పెట్టరని మీరు అనవచ్చు. నిజమే, కానీ గుడ్డిగా అన్నిటినీ రెట్టించే కోడ్ మొదటి పేరు దగ్గరా, ఏమీ రెట్టించని కోడ్ మూడో పేరు దగ్గరా పట్టుబడతాయి.

బ్యాక్‌స్లాష్ వెంట హ్యాష్ వచ్చే పేరు మరో తలనొప్పి. అక్కడ జీసీసీ హ్యాష్‌కు ముందు ఒక బ్యాక్‌స్లాష్‌ను చేర్చి ఊరుకుంటుంది, ముందున్నదాన్ని రెట్టించదు. దాంతో రెండు బ్యాక్‌స్లాష్‌ల తర్వాత హ్యాష్ వచ్చి, మేక్‌కు అది వ్యాఖ్య మొదలైనట్టు కనిపిస్తుంది. క్లాంగ్ అనే మరో సీ కంపైలర్ సోర్స్‌లో దీని గురించి పెద్ద వ్యాఖ్యే ఉంది: మేక్ ఆశించినట్టు కాక, జీసీసీ చేసినట్టే చేస్తామని అందులో తేల్చి చెప్పారు. ఇలాంటి పేరుకు రాసే పరీక్షను ఓడిపోతుందని తెలిసిన పరీక్షగా గుర్తుపెట్టి ఉంచండి, తీసివేయకండి. రేపు ఎవరైనా దాన్ని సరిచేస్తే ఆ మార్పు మీ కంట పడుతుంది.

ఇంకొక జాగ్రత్త. సీ భాష ప్రమాణం ప్రకారం ఇంక్లూడ్ వరుసలోని హెడర్ పేరులో బ్యాక్‌స్లాష్ ఉంటే ఏమి జరగాలన్నది నిర్వచించలేదు. యూనిక్స్‌లో జీసీసీ, క్లాంగ్ దాన్ని మామూలు అక్షరంగానే తీసుకుంటాయి. వేరే కంపైలర్ మీద ఈ పరీక్ష ఓడిపోతే ఎస్కేప్ మీదికి పోయే ముందు, అసలు ఆ హెడర్ దొరికిందో లేదో చూడండి.

ప్రశ్న: -ఎంటీ, -ఎంక్యూ రెండూ టార్గెట్ పేరును ఇవ్వడానికే కదా. ఏది వాడాలి?

జవాబు: -ఎంటీకి ఇచ్చిన మాటను కంపైలర్ ఉన్నది ఉన్నట్టు రాసేస్తుంది, -ఎంక్యూకి ఇచ్చిన మాటలో మేక్‌కు ప్రత్యేకమైన గుర్తులను ఎస్కేప్ చేసి రాస్తుంది. టార్గెట్‌లో మేక్ వేరియబుల్ కావాలనే రాయదలచుకుంటే మొదటిది, నిజమైన ఫైలు పేరును ఇస్తుంటే రెండోది. మేక్‌ఫైళ్లలో మొదటిదే అలవాటుగా నడుస్తున్నది, అది అలవాటే తప్ప మంచి అలవాటు కాదు. పరీక్షలో రెండింటికీ ‘$’ ఉన్న ఒకే పేరును ఇచ్చి, ఒకదానిలో ఒక డాలర్, మరొకదానిలో రెండు డాలర్లు వచ్చాయేమో చూస్తే సరిపోతుంది. షెల్‌లో ఆ పేరును ఒంటి కొటేషన్లలో ఇవ్వడం మరవకండి. జంట కొటేషన్లలో ఇస్తే డాలర్‌ను ముందే షెల్ మింగేస్తుంది, కంపైలర్‌కు చేరేది వేరే పేరు.

ప్రశ్న: మా ప్రాజెక్టులో -ఎంపీ ఆప్షన్ పెట్టినప్పటి నుంచి, స్పేస్ ఉన్న డైరెక్టరీలో తప్పు సందేశాలు మాయమయ్యాయి, కానీ ప్రతిసారీ అన్ని ఫైళ్లూ మళ్లీ కంపైల్ అవుతున్నాయి. ఆ .డి ఫైలును మా సొంత స్క్రిప్ట్ ఒకటి మధ్యలో తిరగరాస్తుంది.

జవాబు: ఆ స్క్రిప్ట్ బ్యాక్‌స్లాష్‌లను తినేస్తోంది. -ఎంపీ చేసే పని, ప్రతి హెడర్‌నూ ఏ పనీ లేని టార్గెట్‌గా విడిగా రాయడం, అంటే తొలగించిన హెడర్ గురించి మేక్ గొడవ చేయకుండా చూడడం. స్పేస్ దగ్గర పేరు రెండుగా చీలితే, ఆ రెండు ముక్కలూ టార్గెట్లయిపోతాయి. రూల్ ఉంది, ఫైలు లేదు, చేయవలసిన పనీ లేదు. అలాంటి టార్గెట్‌ను మేక్ ఇప్పుడే తాజా అయినట్టు భావిస్తుంది, దాని మీద ఆధారపడినదాన్ని మళ్లీ కడుతుంది. మొదటి జవాబులో చెప్పిన 1, 1 జత ఇదే. ఎస్కేప్ పరీక్షలను -ఎంపీతో ఒకసారి, అది లేకుండా ఒకసారి నడపండి, ఎందుకంటే ఒక్కొక్కటీ రెండోది దాచినదాన్ని చూపుతుంది.

ప్రశ్న: స్పేస్, డాలర్, హ్యాష్ తప్ప మిగతా గుర్తుల సంగతి ఏమిటి? చదరపు బ్రాకెట్లు, నక్షత్రం, శాతం గుర్తు ఉన్న పేర్లను కంపైలర్ అలాగే వదిలేస్తోంది.

జవాబు: వదిలేస్తుంది, అక్కడే అసలు ఆట మొదలవుతుంది. గ్నూ మేక్ టార్గెట్లలోనూ అవి ఆధారపడే పేర్లలోనూ నక్షత్రం, ప్రశ్నార్థకం, చదరపు బ్రాకెట్లను వైల్డ్‌కార్డులుగా, అంటే వేరే పేర్లకు సరిపోలే నమూనాలుగా, విప్పుతుంది. ‘పుట[12].హెచ్’ అనే హెడర్ ఉందనుకోండి. వైల్డ్‌కార్డుగా దాని అర్థం ‘పుట1.హెచ్’ లేదా ‘పుట2.హెచ్’, అసలు హెడర్ మాత్రం దానికి సరిపోలదు. ఆ రెండు ఫైళ్లూ లేకపోతే మేక్ పేరును ఉన్నది ఉన్నట్టు ఉంచుకుంటుంది, అంతా సవ్యంగా నడుస్తుంది. ఎప్పుడో ఎవరో ‘పుట1.హెచ్’ అనే ఫైలును చేర్చిన రోజున డిపెండెన్సీ చడీచప్పుడూ లేకుండా దాని మీదికి జరుగుతుంది. ఎర లేని పరీక్ష దీన్ని ఎన్నటికీ పట్టలేదు.

అలాగైతే బ్రాకెట్ ముందు కూడా బ్యాక్‌స్లాష్ పెడితే పోలేదా అంటే, గ్నూ మేక్ దాన్ని ఒప్పుకుంటుంది. కానీ ఇవే .డి ఫైళ్లను మేక్ లాంటి మరో ఉపకరణమైన నింజా కూడా చదువుతుంది. నింజా వైల్డ్‌కార్డులను విప్పదు, తనకు అర్థం లేని చోట కనిపించిన బ్యాక్‌స్లాష్‌ను పేరులో భాగంగానే ఉంచుతుంది. మేక్ కోసం చేసిన చికిత్స నింజాకు రోగమవుతుంది. మీ కంపైలర్‌ను వాడేవారిలో రెండు పక్షాలూ ఉంటే, బ్రాకెట్‌ను ముట్టుకోకుండా వదిలి, ఆ పరిమితిని పత్రాల్లో రాయడమే మేలని నా అభిప్రాయం.

శాతం గుర్తుది మరో తీరు. హెడర్ పేరులో ఉంటే ఏ హానీ లేదు. సోర్స్ పేరులో ఉంటే టార్గెట్ పేరులోకి ఎక్కుతుంది, ‘50%.ఓ: 50%.సి’ అనే వరుసను మేక్ నమూనా రూల్‌గా చదువుతుంది, చేయవలసిన పని రాసి లేని ఆ రూల్ వల్ల ఏ డిపెండెన్సీ నమోదు కాదు. అంటే ఒకే గుర్తును హెడర్‌లో ఒకసారి, సోర్స్‌లో ఒకసారి పెట్టి రెండు పరీక్షలు రాయాలి. పేరులో కొత్త వరుస గుర్తు ఉంటే మాత్రం దానికి ఈ ఫైలులో చోటే లేదు. అలాంటి పేరు ఎదురైతే కంపైలర్ తప్పు చూపి ఆగిందా అన్నదొక్కటే పరీక్షించండి. విండోస్‌లో నక్షత్రం, ప్రశ్నార్థకం, కోలన్ ఉన్న ఫైళ్లను సృష్టించడమే కుదరదు కాబట్టి అక్కడ ఆ పరీక్షలు ఓడిపోకూడదు, దాటివేయాలి.

ప్రశ్న: నింజాతో నడిపినప్పుడు .డి ఫైలు కనిపించడమే లేదు. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌తో అసలు పుట్టడమే లేదు. వీటిని ఎలా పరీక్షించాలి?

జవాబు: రూల్‌లో డెప్స్ విలువ జీసీసీ అని ఉన్నప్పుడు నింజా .డి ఫైలును చదివి, తన సొంత లాగ్‌లో నమోదు చేసుకుని, ఫైలును తుడిచేస్తుంది. ఆ నమోదును -టీ డెప్స్ అనే ఉపకరణంతో బయటికి తీయవచ్చు, అందులో ఎస్కేప్ విప్పిన పేర్లే ఉంటాయి కాబట్టి పరీక్షకు అది .డి ఫైలు కన్నా మంచి సాక్ష్యం. మైక్రోసాఫ్ట్ కంపైలర్ షో-ఇంక్లూడ్స్ ఆప్షన్‌తో హెడర్ల పేర్లను తెరపై ఒక్కొక్క వరుసగా రాస్తుంది, ఎస్కేప్ ఊసే ఉండదు, కానీ వరుస ముందు వచ్చే మాటలు కంపైలర్ ఏ భాషలో ఉంటే ఆ భాషలో వస్తాయి, మీ పరీక్ష ఆ మాటలను ఇంగ్లిష్‌లోనే వెతికితే వేరే భాషలో దానికి ఏమీ దొరకదు. అదే కంపైలర్‌లోని సోర్స్-డిపెండెన్సీస్ ఆప్షన్ జేసన్ రూపంలో రాస్తుంది, అక్కడి ఎస్కేప్ నియమాలు స్పష్టం, పరీక్షించడమూ సులువు. మైక్రోసాఫ్ట్ వారి మేక్ అయిన ఎన్‌మేక్‌కు పనికివచ్చేలా పేర్లను జంట కొటేషన్లలో పెట్టే -ఎంవీ ఆప్షన్ క్లాంగ్‌లో ఉంది.

ప్రశ్న: ఫైలు పేర్లు తెలుగులో ఉంటే ఎస్కేప్ చేయవలసింది ఏమైనా ఉందా? మా పరీక్షలో ‘అమ్మ.హెచ్’ అనే పేరు విరిగిపోయి రెండు ముక్కలుగా కనిపిస్తోంది, ‘నాన్న.హెచ్’ బాగానే ఉంది. పరీక్షను పైథాన్‌లో రాశాము.

జవాబు: మీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను, ఎందుకంటే పేరులో తప్పేమీ లేదు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతమూ (అక్షరమైనా, గుణింతపు గుర్తయినా) మూడు బైట్లు, ఆ మూడూ 128 లేదా అంతకు పైవే, మేక్‌కు ప్రత్యేకమైన గుర్తులన్నీ 128కి లోపలివే. కాబట్టి కంపైలర్ చేయవలసింది బైట్లను ఉన్నవి ఉన్నట్టు దింపడమే. విరుగుతున్నది మీ పైథాన్ స్క్రిప్ట్ దగ్గర. .డి ఫైలును లాటిన్-1గా (ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా చదివే పద్ధతిలో) తెరిచి స్ప్లిట్ చేస్తున్నారని ఊహిస్తున్నాను. ‘అ’ అక్షరపు చివరి బైటు పదహారాంకాల లెక్కలో 85, దాన్ని లాటిన్-1గా చదివితే పైథాన్ దృష్టిలో అది ఖాళీ గుర్తు, స్ప్లిట్ అక్కడ కోస్తుంది. ‘ఠ’ ఉన్న పేరుతో ప్రయత్నించండి, దాని చివరి బైటు ఏ0, అదీ తెగుతుంది. ‘నాన్న’లో అలాంటి బైటు లేదు కాబట్టి బతికిపోయింది. ఫైలును బైట్ల రూపంలో తెరిచి స్ప్లిట్ చేస్తే ఆస్కీ ఖాళీల దగ్గర మాత్రమే కోస్తుంది, ‘అమ్మ’ ఒక్క ముక్కగా వస్తుంది. అయితే బ్యాక్‌స్లాష్ పెట్టిన స్పేస్ దగ్గర కూడా కోస్తుంది కాబట్టి, పేర్లను విడదీసే పని స్ప్లిట్‌కు అప్పగించకుండా మేక్‌కే వదిలేయడం నయం.

పేర్లను పోల్చేటప్పుడు మరొక సంగతి గమనించండి. ‘ఫైలు’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ రాయవచ్చు, రెండు సంకేతాల జతగానూ రాయవచ్చు. తెరపై రెండూ ఒకటే, మేక్‌కు మాత్రం రెండు వేర్వేరు పేర్లు. పరీక్షలో పేరును చేత్తో టైప్ చేయకుండా, డైరెక్టరీ జాబితా నుంచి తెచ్చిన బైట్లతోనే పోల్చండి.